పాలపన్ను

ఉలాన్‌బాతర్ కొండవాలున, మా గుడారాల వాడలో
బొగ్గుపొగ నేలకు దిగే వేళ
గెరెల్మా నాలుగు గొర్రె చీలమండ ఎముకలు
గుప్పిట్లో ఊపి దుప్పటి మీద వేసేది.
గొర్రె, మేక, ఒంటె, గుర్రం:
ఎముకకు నాలుగు ముఖాలు.
నాలుగూ నాలుగు రకాలుగా పడితే
అంతకు మించిన యోగం లేదు మాకు.

ఆ సాయంత్రం అలాగే పడ్డాయి.
"చూశావా, రొట్టె విరిగి నేతిలో పడింది.
దంబాకి రేపు పని దొరుకుతుంది," అంది.
నేను నవ్వలేదు. నిద్రలేక కళ్ళు మండుతున్నాయి.

మా ఎర్ఖెస్‌కి ఏడో నెల.
కింది చిగురు ఎర్రగా ఉబ్బి, రాత్రంతా ఒకటే రాగం.
ఆమె కూతురు సరూల్ మాత్రం
పొద్దుగూకితే పడుకుని తెల్లారితే లేచేది.
"ఏం పెట్టి పెంచుతున్నావే" అని అడిగాను కూడా.
బంగారు తల్లి అని దాన్ని మెచ్చుకున్న నోళ్ళే
నా వాణ్ణి చూసి చప్పరించేవి.

ఆ రాత్రి చలి సున్నాకి ముప్పయ్యొక్క మెట్లు కింద.
ఒకే బండిలో వచ్చిన బొగ్గుబిళ్ళలు
రెండిళ్ళ పొయ్యిల్లోనూ.
గాలి ఆగిపోయింది.
గొట్టాల్లోంచి పొగ పైకి పోవడం మానేసింది.

మూడు దాటాక వాడు కెవ్వుమన్నాడు.
విసుగు. చచ్చేంత విసుగు.
నోర్ముయ్ అన్నానేమో.
లేస్తే తల ఇనప కుండ, కాళ్ళు ఎవరివో.
భయమేసి కాదు,
ఏదో తెలిసీ కాదు,
చలిగాలి మొహాన కొడితే ఊరుకుంటాడని
కోపంగా తలుపు తన్నాను.
అంతే. నేను చేసిందల్లా అదే.

మంచులో మోకాళ్ళ మీద పడి, కక్కుకుంటూ
అవతలి గుడారం వైపు చూశాను.
ఎంత హాయిగా నిద్రపోతున్నారో అనుకున్నాను.
కుళ్ళుకున్నాను.
ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

వాళ్ళ కుక్క బస్సర్ మొరగలేదు.
వాసనే లేనిది దానికి మాత్రం ఎలా తెలుస్తుంది?

తెల్లారాక మూడు దుప్పట్లు బయటికొచ్చాయి.
మూడోది మోయడానికి ఒక్క మనిషి చాలాడు.
నా భుజం తట్టి అందరూ ఒకటే మాట:
అదృష్టవంతురాలివి.

ఆ మాటను విప్పి చూస్తే లోపల ఉన్నది
కనబడనిది అని మాత్రమే.
ఆ రాత్రి మా వాడలో కనబడనివి రెండు తిరిగాయి.
ఒకటి పొయ్యిలోంచి వచ్చింది.
ఇంకొకటి చిగురు కింద, బియ్యపు గింజంత.
ఎముకల్లో ఏదీ లేదు.
వాటిని నేనే తెచ్చుకున్నాను.
వెయ్యను. పారెయ్యను.

నిన్న ఆ పన్ను ఊడింది.
ఆరేళ్ళ తరవాత, ఊరికే,
ఎండబెట్టిన పెరుగుగడ్డ కొరుకుతుంటే.
అరచేతిలో పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు
నెత్తుటి నవ్వుతో, సందుతో.

పాలపన్ను ఊడితే గొర్రెకొవ్వులో పొదిగి
కుక్కకు పెడతాం మేము,
కుక్క పళ్ళంత గట్టివి రావాలని.
మా కుక్క ఇప్పుడు బస్సరే.
ఆ వారమే గొలుసుతో సహా వచ్చి
మా గుమ్మంలో పడుకుంది. ఇంకెక్కడికి పోతుంది?

ముసలిదైపోయింది.
కొవ్వు వాసన చూసింది, నా మొహం చూసింది.
నా చెయ్యి దానంతటదే వెనక్కొచ్చింది.
ఆ గింజను ఎలా ఇచ్చెయ్యను?

"ఇవ్వమ్మా, పాపం ఆకలేస్తోంది దానికి."

ఇచ్చాను.
నమలకుండానే మింగేసి,
మూతి నాక్కుంటూ మెల్లగా నడిచి,
పక్క స్థలంలో
ఇంకా గడ్డి సరిగ్గా మొలవని
ఆ గుండ్రటి నేల మధ్య పడుకుంది.