తేమ పదిహేను శాతం

డొక్కకి రూపాయి పావలా అన్నారు ఆ వేసవి.
అంతకు ముందేడు దాకా కాలవ గట్టున కుళ్ళబెట్టి
దోమలకి ధారపోసిన డొక్కే.
అంబాజీపేట దాటాక ఎడమచేతి వైపు మా పీచు మిల్లు.
బోర్డు మీద గన్నిశెట్టి చలమయ్య అని ఇప్పటికీ ఉంటుంది.
నేనక్కడ గుమస్తాని.

పీచు ఎక్కడికి పోతుందో మాకు లారీ దాకానే తెలుసు.
తర్వాత విశాఖ, ఓడ, చైనా.
అక్కడ ఇరవై రెండో అంతస్తులో
కొత్తగా పెళ్ళయినవాళ్ళు మెత్తటి పరుపు వద్దంటారట,
నడుం నిలబెట్టే గట్టిది కావాలంటారట.
వాళ్ళ నడుం నొప్పి మా పస్తుల్ని తీర్చిందని
రాస్తే బాగానే ఉంటుంది గానీ
రోజు కూలి నలభై పెరిగింది, అంతే.
నూకరత్నం వాయిదాల మీద మిక్సీ కొంది.
మిల్లు మోత విన్న చెవులకి
అది చంటిపిల్ల ఏడుపులా ఉందని నవ్వింది.

కొత్త కేలెండరు రాగానే
ఉగాది కంటే ముందు
వాళ్ళ సంవత్సరాదికి సున్నా చుట్టడం అలవాటైంది నాకు.
ఆ పదిహేను రోజులూ అక్కడ ఎవరూ పరుపులు కొనరు,
ఇక్కడ మిషను తిరగదు.

ఒక ఆషాఢంలో, ముసురులో,
లిన్ అనే కుర్రాడు వచ్చాడు.
చేతిలో రెండు ముళ్ళ మీటరు.
బేలు కడుపులో గుచ్చి చూశాడు: పద్దెనిమిది.
పదిహేను దాటితే దారిలోనే బూజు.
అతను ఫోనుతో ఏదో అంటే ఫోను మాతో తెలుగులో అంది:
"ప్రియమైన అక్కలారా, దయచేసి నీళ్ళు అమ్మవద్దు."
ఆడాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.
"ఇక్కడ గాలిలోనే ఇరవై ఉంటది నాయనా,
గోదారి మీంచి వచ్చే గాలి మరి," అంది నూకరత్నం.

"పరుపుల కంపెనీ నీదేనా?"
కాదు. సగం వాళ్ళ ఊరి పెద్దమనిషిది.
మిగతా సగం కెనడాలో రిటైరైన పంతుళ్ళ పింఛను డబ్బు.
"చైనావోళ్ళు బాగా నిద్దరోతే
ఆ ముసలి పంతుళ్ళకి డబ్బులొస్తాయా?"
ఈ మాట మార్చడానికి ఫోను చాలాసేపు తీసుకుంది.
అతను ఆలోచించి తలూపాడు.
తర్వాత, అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు,
ఈ మిల్లులో కూడా నూటికి అరవై
పోయిన చైత్రం నుంచీ వాళ్ళదే అన్నాడు.

నాకు తెలుసు. కాగితం టైపు చేసింది నేనే.
నూకరత్నం అతని వంక చూడలేదు, నా వంక చూసింది.
"మరి డొక్కెవరిది?" అంది, ఎవర్నీ కాకుండా.

అప్పుడే కరెంటు పోయింది.
వాన చప్పుడు ఒక్కసారిగా షెడ్డులోకి వచ్చింది.
కుర్రాడు పీచు కుప్ప మీద కూలబడ్డాడు,
బూట్లతోనే, మీటరు గుప్పిట్లోనే ఉంచుకుని
నోరు తెరుచుకుని నిద్రపోయాడు.
మూడు ఊళ్ళు, రెండు రాత్రుళ్ళు మేలుకుని తిరిగాడని
డ్రైవరు చెప్పాడు.
అతని చెంపకంటిన పొట్టుని
ఎవరో కొంగుతో దులిపారు.

కరెంటు వచ్చింది.
స్విచ్చి మీద చెయ్యి వేసి
నూకరత్నం అలాగే నిలబడింది.
మిగతావాళ్ళు ఆమెనీ నన్నూ మార్చి మార్చి చూశారు.
గంటకి ఎనిమిది బేళ్ళు మా లెక్క.

పోయిన ఆ నాలుగు బేళ్ళకి
పుస్తకంలో కారణం రాసే గడి ఒకటుంటుంది.
పెన్ను పట్టుకుని కాసేపు కూర్చుని
తేమ అని రాశాను.