బూట్ల మట్టి

రబ్బరు పడవ ఎక్కకముందే బూట్లు అడిగింది యాదిరా.
అడుగున గాడుల్లో మట్టి బ్రష్షుతో గోకి,
నా మేజోడు అంచున ఎక్కడిదో పల్లేరు ముల్లును
గోటితో లాగి, సీసాలో వేసి మూత బిగించింది.
ఓడలో పదహారు మందిమి. ఎవరూ నవ్వలేదు.

దిగింది నల్లరాతి మీద.
ఉడికి ఉడికి ఒక్కసారిగా ఆగిపోయిన లావా
తాళ్ళు పేనినట్టు మెలికలు తిరిగి ఉంది.
దాని మీద ఉడుముకి మేనమామల్లా ఇగ్వానాలు
ఒకదాని వీపున ఒకటి పడి ఎండ కాగుతూ
ముక్కుల్లోంచి ఉప్పు చీదుతున్నాయి.
దేనికైనా రెండు మీటర్ల దూరం ఉండాలని నియమం.
సీలయన్ పిల్లకి ఆ సంగతి తెలీదు.
ఈడ్చుకుంటూ వచ్చి నా బూటు వాసన చూసింది.
సోదాలో నిలబడ్డట్టు నిలబడ్డాను.

మర్నాడు మనుషులుండే దీవిలో కొండెక్కాం.
లోయ నిండా జామచెట్లు.
"అబ్బ, ఎంత పచ్చగా ఉందో!" అన్నాను.
యాదిరా కాసేపు పలకలేదు.
"మా తాత ఎలియోదోరో కూడా ఒక మొక్క తెచ్చాడు,
తడిగుడ్డలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని.
పిల్లలు తింటారని."

సెలవురోజుల్లో ఆమె కత్తి పట్టుకుని ఇక్కడికే వస్తుందట.
ఒకటి నరికితే నాలుగు చిగుళ్ళు.

దిగేటప్పుడు కొమ్మ వంచి ఓ పండు కోసి
పైటేమీ లేదు కనక చొక్కాకి తుడిచి
సగం నాకిచ్చింది.
తియ్యగా ఉంది.
గింజలు మింగాలో ఉమ్మాలో తెలియక
ఓడ దాకా
బుగ్గన పెట్టుకునే వచ్చాను.