ఏటవాలు

ముప్పై ఏళ్లుగా ఆటోనగర్లో నా పని
వంగిన చక్రాన్ని నిటారుగా నిలబెట్టడం.
ఆ మధ్యాహ్నం కెజియా వచ్చి
నిటారు చక్రాల్ని వంచమంది.

పైన దగ్గరగా, కింద ఎడంగా,
గోదాలో కాళ్లు చాపి నిలిచిన
వస్తాదులా ఉండాలట కుర్చీ.
వెల్లకిలా పడకుండా వెనకాల
ఇంకో బుల్లి చక్రం.
"ఇనుము వద్దు మస్తాన్ బాబాయ్, అల్యూమినియం.
బ్రేకులు కూడా వద్దు. చేతులున్నాయిగా."

ఎక్కడ, ఎలా జరిగిందని నేనడగలేదు.
షెడ్డుకొచ్చిన బండినైతే అడుగుతాం,
ఆట కోసం వచ్చిన మనిషిని అడుగుతామా?

పటమట అవతల సిమెంటు కోర్టులో
బెజవాడ ఎండ రిమ్ముల్ని పెనం చెయ్యకముందే
ఆడి చూపించింది.
నడుముకి పట్టీ, మోకాళ్లకి పట్టీ.
రాకెట్టు పట్టిన చేత్తోనే చక్రాన్ని నెట్టడం,
పొత్రం తిప్పే చెయ్యే
పిండినీ తోసుకున్నట్టు.

గీతలు అవే. నెట్టు ఎత్తు అదే.
ఒక్కటే తేడా:
బంతి రెండుసార్లు నేలని తాకొచ్చు,
రెండోసారి గీత బయట పడినా సరే.

"అయితే సుళువే" అన్నాను, నోరు జారి.

ఏమీ అనలేదు.
పక్కనున్న పాత కుర్చీ చూపించి
కూర్చోమంది.
మొదటి బంతికి చక్రం పట్టుకుంటే రాకెట్టు జారింది.
రెండో దానికి రాకెట్టు పట్టుకుంటే కుర్చీ కదల్లేదు.
మూడోది రెండుసార్లు కాదు, ఏడుసార్లు గెంతి
కంచె దాకా దొర్లి
నాకోసం కాసేపు చూసింది.
వెల్డింగు చేతులకి బొబ్బలు!

అసలు ఆగకూడదట.
కొట్టగానే వీపు తిప్పి,
అర్ధచంద్రంలా వెనక్కి పోయి,
భుజం మీంచి బంతిని చూస్తూ మళ్లీ తిరగాలి.
ఆగిన కుర్చీని కదిలించేలోపు
ఆ రెండో గెంతూ అయిపోతుంది.

డిసెంబర్లో పోటీకి వెళ్లింది.
నేను ఫోను చెవిన పెట్టుకుని
షెడ్డులో గ్రైండర్లన్నీ ఆపించాను.
ఆరు-నాలుగు, ఆరు-మూడు.
మొదటి రౌండులోనే.

ఓదార్పు మాటలు నాలుగు
వెతికి పెట్టుకున్నాను. వాడనియ్యలేదు.
సోమవారం వస్తూనే, టీ గ్లాసు కూడా ముట్టకుండా,
"బాబాయ్, ఎడమ చక్రం వెంట్రుకవాసి లాగుతోంది.
ఆవిడేమో నా బ్యాక్‌హ్యాండ్ కనిపెట్టేసింది.
చక్రం సంగతి నువ్వు చూడు,
ఆవిడ సంగతి నేను చూస్తా."

నల్లద్దాలు దించుకున్నాను.
బయట లారీవాడు అలైన్‌మెంటు కోసం
హారన్ కొడుతున్నాడు.
కొట్టుకోనీ.