పన్నెండు కిలోలు

మార్కాపురం ఆసుపత్రిలో
లైటు డబ్బా మీద రెండు ఫొటోలు తగిలించాడు డాక్టరు.
ఒకటి పలకరాయి దిమ్మె పడ్డ రోజుది,
ఒకటి ఈ పూటది.

ఇరవై రెండేళ్లు పలకలు కోసినదాన్ని.
నల్లటి దాని మీద తెల్లగీత కనబడితే
ఎంత నొక్కి రాశారో చూస్తాను ముందు.
మొదటి దాంట్లో మోకాలి కింద ఎముక
విరిగే ఉంది గానీ, కొత్త బలపంతో రాసినట్టుంది.
రెండోదాంట్లో అతుక్కుంది.
అతుక్కుని వెలిసిపోయింది.
మడమ దగ్గర మరీను,
బళ్లో పిల్లోడు ఉమ్మితో తడిపి
అరచేత్తో తుడిచేసినట్టు.

"ఏంది సార్, మిషను పాడయిందా?"
"మిషను బానే ఉందమ్మా, కాలే పనిలో లేదు.
పని చెప్పని ఎముకలోంచి
ఒళ్లు సున్నాన్ని వెనక్కి లాక్కుంటుంది."

నవ్వొచ్చింది నాకు.
రాని రోజుకి కూలి కోసే మేస్త్రి
నా ఒంట్లోనే కాపురం ఉన్నాడన్నమాట.

మా పుట్టింటి వైపు, కనిగిరి అవతల,
బోరు నీళ్లకి ఎముకలు బిగుసుకుపోయి
మా పెదనాయన మెడ తిప్పలేక
మనిషంతా తిరిగి పలకరించేవాడు.
ఆ నీళ్లే తాగి పెరిగిన కాలు ఇది.
మూడు నెలల్లో మరమరాలయింది.

మూడు నెలలూ అందరిదీ ఒకటే మాట.
కట్టు కట్టినాయన, ఫొటో తీసే పిల్లోడు,
బువ్వ తెచ్చిపెట్టే కాశింబీ,
"కదలబాక ఒదినా, కదలబాక."
కదల్లేదు.
మాట విన్నందుకు ఇదీ ఫలం.

ఇప్పుడేమో తొక్కమంటారు.
అదీ తూకం వేసి తొక్కాలంట,
పూటకింత, వారానికింత.
తూకం మా ఇంట్లో ఎక్కడిది?

మధ్యాహ్నం జనం పలచబడ్డాక
రేషను డీలరు వెంకటరత్తం
కాటా మీది బియ్యం బస్తా దించాడు.
కట్టు విప్పిన కాలు, పొలుసులు రాలుతూ,
పక్క కాలికి చెల్లెలిలా ఉంది.
గోడ పట్టుకుని దాని మీద మోపాను.
నాలుగు.
చెమట.
ఏడు.
"నా కాటా ఎక్కువ చూపిస్తదని ఊరంతా తిట్టేవాళ్లే,
నీకు కలిసొచ్చింది పో" అన్నాడు.
పది.
పన్నెండు దగ్గర లోపల ఏదో సన్నగా కీచుమంది,
పలక మీద బలపం ఒరుసుకున్నట్టు.

నాకు చదువు రాదు.
అన్ని వేల పలకలు కోసి ఒక్కదాని మీదా రాయలేదు.
కానీ పిల్లలు దిద్దడం చూశాను.
రాసినదాని మీదే రాసి, రాసి,
వేలు నొప్పి పుట్టేదాకా రాసి,
అక్షరాన్ని లావు చేస్తారు.

కాటా దిగి చూసుకుంటే
అరికాలికి రెండు బియ్యపు గింజలు
గుచ్చుకుని ఉన్నాయి.
గుచ్చుకోవడం
నాకు తెలిసింది.