ఏది పైన?

కాశీబుగ్గ రైల్వే గేటు పక్కన నా కొట్టు.
ఇరవై రెండేళ్లుగా దేవుళ్లకీ, పోయినవాళ్లకీ
ఫ్రేములు కడుతున్నాను.
ఇద్దరికీ ఒకటే మేకు, ఒకటే దారం.

జీడిపిక్కల బట్టీలో పని దిగి
తామాడ దమయంతి వచ్చింది.
దుప్పట్లో చుట్టిన నాలుగడుగుల గుడ్డ
బల్ల మీద విప్పింది.

బొమ్మ లేదు.
నలుపు మీద నలుపు, దాని మీద ఇంకో నలుపు.
మధ్యలో ఎక్కడో
పిక్కని కత్తి చీల్చినట్టు ఒక పసుపు.
తుడిచేయబోయి మనసు మార్చుకున్న చెయ్యి
అక్కడే ఆగిన జాడ.
కుడివైపు గీతలు బ్రష్షువి కావు, చీపురువి.
రెండు పుల్లలు రంగులోనే ఉండిపోయాయి.

"తిత్లీ తుపానా?" అన్నాను.
ఆ రాత్రి నా కొట్టు రేకులు
ఎవరి తోటలో పడ్డాయో ఇప్పటికీ తెలీదు.
"కాదు బావూ."
"మరేటి?"
"ఏటో తెలిస్తే నోటితోనే సెప్పీదాన్ని గదా."

నూనె రంగులైతే ఆరడానికి వారం పడుతుందట.
"నాకు వారం ఎక్కడిదీ?
ఈ అక్రిలిక్కు, అన్నం ఉడికేలోగా ఆరిపోద్ది."

సంతకం కోసం నాలుగు మూలలూ వెతికాను.
పసుపు అంచున చూపించింది:
అయిదు వేలిముద్రలు,
లోపల ఒక్క గీతా లేదు.
జీడి సొన తినేసిన వేళ్లు.
రేషను డిపోలో మిషను ఆమెని గుర్తుపట్టదు.
మూడుసార్లు నొక్కించి, ఆనక
కళ్లు పెద్దవి చెయ్యమంటారు.

"అద్దం వద్దు. ఊపిరాడదు" అంది.
ఎవరికో నేనడగలేదు.

"ఏది పైన? కొక్కెం ఎటు కొట్టను?"
కోసేముందు పనసకాయని తిప్పినట్టు
ఒకసారి తిప్పింది, మళ్లీ తిప్పింది.
"నాలుగేపులా కొట్టెయ్.
ఏ రోజుది ఆ రోజు సూసుకుంటాను."

బిల్లు పుస్తకంలో 'ఏ పటం' అన్న గడిలో
వెంకటేశ్వరుడు, కీర్తిశేషులు, పెళ్లి, పెళ్లి...
ఆమె వరసలో
కొక్కేలు నాలుగు అని మాత్రం రాశాను.

రాత్రి గూడ్సు బండి వెళ్లింది.
గోడ అదిరింది. దేవుళ్లూ పోయినవాళ్లూ
అందరూ కాస్త పక్కకి ఒరిగారు.
అలవాటుగా లేచి
ఒక్కొక్కరినీ నిటారుగా నిలబెట్టుకుంటూ వచ్చి
ఆఖరికి దీని ముందు
రెండు చేతులూ చాచి
ఎటు సరిచేయాలో తెలీక
గేటు తీసిన చప్పుడు వినబడేదాకా
అలాగే ఉండిపోయాను.