కత్తిరింపులు

మొదట్లో మాకిచ్చింది వారానికి అరగంట.
అదీ మధ్యాహ్నం, అందరూ పొలంలో ఉండే వేళ.
రేడియోని కిటికీలో పెట్టి గొంతు పెంచితే
దోసపాదుల దాకా వినిపించేదట,
మా అమ్మ చెప్పింది.
జర్మన్ మాట్లాడే పక్కింటివాళ్లు
ఆ అరగంటా తలుపులు మూసుకునేవారట.
అదీ చెప్పింది.

నేను చేరేనాటికి ఐదుగురం.
కీటో చదివేవాడు. నేను టేపు కోసేదాన్ని.
బ్లేడు, పసుపు పెన్సిలు, అంటుపట్టీ.
కోత ఏటవాలుగా పడాలి.
దగ్గు తీసెయ్. తడబాటు తీసెయ్.
బొగ్గుగని ఊసొచ్చిన చోట
ఆ ఒక్క వాక్యం తీసెయ్, అనేవాడు పైగదిలో ఆయన.
తీసేవాళ్లం కాదు, తీసేదాన్ని.
అటూ ఇటూ మిగిలిన మాటలు
ఏమీ ఎరగనట్టు అతుక్కుపోయేవి.
నా చేతిపని అంత శుభ్రం.
గొప్పకి చెప్పడం లేదు.

కోసిన ముక్కలు పారెయ్యాలని నియమం.
నేను బిస్కెట్ డబ్బాలో వేశాను.
ధైర్యం కాదది,
మా ఇంట్లో దారప్పోగు కూడా పారెయ్యరు.

మా సోర్బు భాషలో ఒకరికి ఒక క్రియ, చాలామందికి ఒక క్రియ,
మధ్యలో ఇద్దరికే చెల్లేది ఇంకొకటి.
కళ్లకీ, కాడికట్టిన గుర్రాలకీ,
పోట్లాడుకుని పలకని ఆలుమగలకీ అదే.
పట్నంలో చదివిన పిల్లలకి ఆ ద్వివచనం నోరు తిరగదు.
కీటో మాత్రం వార్తల్లో ఇద్దరు మంత్రులు కలిస్తే చాలు
దాన్ని లడ్డూలా నమిలి నమిలి పలికేవాడు.

గోడ కూలింది. పైగది ఖాళీ అయింది.
టెలివిజన్ వచ్చింది, నెలకోసారి, మళ్లీ అరగంటే.
కెమెరాకి కావలసింది
రెక్కల్లా విచ్చుకున్న తలగుడ్డల ఆడపిల్లలు.
వాళ్లని చెరువుగట్టున నడిపించారు,
గాలి సరిగా వీచలేదని మళ్లీ నడిపించారు.
బ్రెజిన్కి ఊరిని యంత్రం తవ్వేసిన రోజు కూడా చూపించారు,
నాలుగు నిమిషాలు,
వంటల కార్యక్రమానికి ముందు.

రేడియోలో కీటో ఆ తర్వాత ఏడాదిపాటు
బ్రెజిన్కి వాతావరణం చదివాడు.
"బ్రెజిన్కిలో రాత్రికి మంచు."
ఎవరూ ఆపమనలేదు.
ఎవరూ విననట్టే ఉంది.

ఒకరు రిటైరయ్యారు, ఒకరు డ్రెస్డెన్ వెళ్లారు,
ఒకరి కుర్చీలో ఇప్పుడు ప్రింటరు కూర్చుంటుంది.
ఒక సాయంత్రం చివర్లో కీటో
"సెలవు తీసుకుంటున్నాం" అన్నాడు.
నలభై ఏళ్లుగా అనే మాటే.
కానీ క్రియ మారింది.
హెడ్‌ఫోన్లు తీసి అద్దంలోంచి చూశాను.
అతను కాగితాలు సర్దుకుంటున్నాడు.
అవును మరి, మేమిద్దరమే మిగిలాం.

మొన్న అక్టోబరులో లేయ్నా వచ్చింది.
ఎనభై దాటిన మనిషి, బ్రెజిన్కి పిల్ల.
ఊరున్న చోట ఇప్పుడు సరస్సు,
పడవలద్దెకిచ్చే కుర్రాడికి ఊరి పేరు తెలియదట.
"డెబ్బై ఒకటిలో మా అమ్మ మీకోసం పాడింది" అంది.

వెతికాను. ఆ పాట టేపు మీద ఎవరో
పందుల పెంపకం రికార్డు చేశారు.
బిస్కెట్ డబ్బాలో మాత్రం చిన్న చుట్ట,
మీద నా దస్తూరీ:
బ్రెజిన్కి, వంటిల్లు, పాడటానికి ముందు, అనవసరం.
ఇరవై ఎనిమిది మీటర్లు.
పాడనని ముసలమ్మ మొండికేసిన
రెండున్నర నిమిషాలు.

పెట్టాను.
కుర్చీ జరిగింది. పొయ్యి మీద మూత కదిలింది.
గోడగడియారం పన్నెండు కొట్టింది.
ఎవరో ముక్కు చీదారు.
చాలాసేపటికి, చాలా దూరంగా,
గుడిగంట.

లేయ్నా ఏడుస్తుందనుకున్నాను.
నవ్వింది.
"మాదే. ఎప్పుడూ రెండు నిమిషాలు ముందే.
నాన్నకి ఆకలెక్కువ, సరిచెయ్యనిచ్చేవాడు కాదు."
కాసేపాగి "విన్నాం" అంది,
ద్వివచనంలో.
ఆ రెండో మనిషి నేనో, వాళ్లమ్మో
అడగలేదు.

టేపు వెనక్కి చుట్టి మళ్లీ పెట్టాను.
ఈసారీ గడియారమే ముందు కొట్టింది.