రెండు బకెట్లు

కుళాయి వచ్చేది దినం మార్చి దినం.
ఈరోజు రాని దినం.
తొట్టిలో ఉండేది మూడు బకెట్ల నీళ్లు,
ఒకటి వంటకి.
మిగిలిన రెంటితో బండి కడగాల.

జీవకోనలో మా సందు మలుపులో
వీధిదీపం కింద నిలబడుండాది తెల్లకారు,
ఘాట్ రోడ్డు దుమ్మంతా కప్పుకోని.
ఐదున్నరకి మళ్లా రేణిగుంట స్టేషన్లో ఉండాల.
తోలేది మా మరిది దాము.
కడిగేది నేను.
మా ఆయన చెంగల్రాయులుకి
కుడిచేతి కట్టు విప్పేదానికి ఇంకా పదకొండు దినాలు.

అరుగు మీద కూచోని చెప్తా ఉంటాడు,
చెయ్యి పని చేయకపోతే నోటికి రెండింతల పని:
పైపు పెట్టు, అంటాడు.
పైపుకి నీళ్లేవి సామీ?
కుప్పుసామి దగ్గర మిషనుండాది గదా, అంటాడు.
పోయిన నెల తెచ్చినాడు గదా కుప్పుసామి,
తుపాకి పట్టినట్టు పట్టుకోని.
బుస్సుమని ఐదు నిమిషాల్లో తొట్టి తాగేసింది,
మా గోడ సున్నం కూడా రాల్చిపెట్టింది.

పొడిగుడ్డతో దులిపితే చాల్లే వదినా, అంటాడు దాము.
చాలదు.
నేనూ అట్లే అనుకోని ఒకసారి తుడిచినా.
కొండదుమ్ము పిండి మాదిరి కనపడతాది,
కానీ అది రాయి.
మధ్యాన్నం ఎండలో బానెట్ చూడు,
సాలీడు తిరిగినట్టు సన్నగీతలు.
అవన్నీ నావే.
ఆయన చూసినాడు, ఏమీ అనలా.
ఆ దినం మాత్రం
అన్నం సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఎనిమిదేండ్లు కల్యాణమండపంలో
అండాలు తోమినదాన్ని నేను.
సబ్బునీళ్లు వేరే, జాడించే నీళ్లు వేరే.
మురికిగుడ్డ తీసకపోయి సబ్బులో ముంచినావంటే
తీసిన మురికినే మళ్లా పూస్తా ఉంటావు.
కారైనా అంతే గదా,
అండా కంటే కొంచెం పెద్దది.

ముందు పాతదుప్పటి తడిపి బండి మీద కప్పినా,
జరమొచ్చిన బిడ్డకి తడిగుడ్డ వేసినట్టు.
దుమ్ము నానాల.
కాఫీ తాగేంత సేపు.
తీసేటప్పుడు లాగకూడదు,
చెరొక కొసా పట్టుకోని పైకెత్తాల.
దాము ఒక కొస, నేను ఒక కొస.

ఒక బకెట్లో రూపాయి షాంపూ పొట్లం.
అంట్ల సబ్బు వద్దు,
అది జిడ్డుతో పాటు మెరుపు కూడా తినేస్తాది,
నా వేళ్లు చూస్తే తెలస్తాది.
రెండో బకెట్ ఉత్తనీళ్లు.
పైనుంచి కిందికి, నిలువుగా,
తల దువ్వినట్టు.
గుండ్రంగా రుద్దితే గీతలు గుండ్రంగా పడతాయి.
చక్రాలు ఆఖర్న.
చక్రానికి పెట్టిన గుడ్డ
మళ్లా నెత్తికి పోయేది లేదు.

తెల్లారకముందే అయిపోవాల,
ఎండ తగిలితే సబ్బు మరకలై కూచుంటాది.

అద్దాల దగ్గరే ఆలస్యమయింది.
నిన్న కొండ దిగినోళ్లు ఎవరో,
గుండ్లు కొట్టించుకోని, గంధం పూసుకోని,
కిటికీకి తల ఆనించి నిద్రపోయినారు.
ఒక పెద్ద గుండ్రం,
దాని కింద ఒక చిన్న గుండ్రం,
పసుపుపచ్చగా.
పెద్దదాన్ని రుద్దినా.
గుడ్డ పిండి మళ్లా రుద్దినా.
గోటితో గీకినా.
రెండో బకెట్ అడుగుకొచ్చింది,
మరక మాత్రం అట్లే నవ్వతా ఉండాది.

మరక లోపల పక్కనే పిచ్చిదానా, అన్నాడు ఆయన.

అరుగు దిగి వచ్చినాడు.
తలుపు తీసి వెనక సీట్లో కూచున్నాడు.
మెడలో తగిలించుకున్న కట్టు ఒక పక్క,
ఎడంచేతిలో తన తువ్వాలు.
అద్దానికి అవతల ఆయన,
ఇవతల నేను.
పెద్ద గుండ్రం పోయింది.
చిన్నదాని దగ్గర చెయ్యి కొంచెం ఆగింది,
తర్వాత అదీ పోయింది.

ఎడమచెయ్యి గదా,
గుండ్రంగా తిప్పతా ఉండాడు.
నిలువుగా, నిలువుగా, అని అరస్తా ఉండా నేను.

అద్దం ఎక్కించుండాది.
ఏమీ వినపడక
తల ఊపతా ఉండాడు.